పెద్దకూతురు ఉన్న రేవు

ఓడ తొమ్మిదో అంతస్తులో పొద్దున్న ఏడింటికే ఫలహారాల హాలు కిటకిటలాడుతోంది. వారం రోజులుగా తింటూనే ఉన్నా జనానికి ఇంకా కడుపు నిండినట్టు లేదు. ఏ పళ్ళెం చూసినా గుడ్లు, వేయించిన మాంసం, పుచ్చకాయ ముక్కలు, ఆ పక్కనే ఎందుకు తెచ్చుకున్నారో వాళ్ళకే తెలియని కేకు. ఇస్మే మాత్రం కిటికీ పక్క బల్ల దగ్గర ఒక అరటిపండు, ఒక కప్పు టీ పెట్టుకుని, రెండూ ముట్టకుండా బయటికి చూస్తోంది. కొండ మీద కోట, దాని కింద ఎర్ర పెంకుల ఇళ్ళు, గుండ్రంగా వంగిన రేవు. గ్రెనడా. తల్లిని సాగనంపడానికి వచ్చి వెళ్ళాక, ఇరవై ఆరేళ్ళయింది ఆ గడ్డ మొహం చూసి.

ఇస్మేకి డెబ్బై ఆరేళ్ళు. వచ్చే నెల పదకొండో తారీఖున బ్రూక్లిన్‌లో గుండె ఆపరేషన్. ఈలోగా అమ్మని ఎక్కడికైనా తిప్పి తీసుకురావాలని కూతురు డియోన్ పట్టుబట్టింది. ఎక్కడికెళ్దాం మమ్మీ అని అడిగితే, గ్రెనడాలో ఆగే ఓడ ఏదైనా సరే అంది ఇస్మే. డియోన్, ఆమె తమ్ముడు కర్క్, డియోన్ కూతురు పదహారేళ్ళ జనీస్, ఇస్మేతో కలిసి నలుగురూ శాన్ హువాన్‌లో ఓడెక్కారు. సెయింట్ మార్టెన్, సెయింట్ లూసియా, బార్బడోస్ అన్నిచోట్లా తక్కినవాళ్ళు దిగి ఎండలో కమిలి తిరిగొచ్చారు. ఇస్మే దిగలేదు. మోకాళ్ళు నొప్పులంది. నొప్పులు నిజమే గాని, ఉన్న ఆ కాస్త ఓపికనీ ఆమె ఒక్క రేవు కోసం దాచుకుంది.

ఆ రేవులో ఆమె పెద్దకూతురు వెర్లిన్ ఉంది.

డియోన్ చేతిలో ఒక సంచి పట్టుకుని, నవ్వు మొహంతో బల్ల దగ్గరికి వచ్చింది. ఆసుపత్రిలో నర్సులకి షిఫ్టులు వేసే ఉద్యోగం ఆమెది. ఇంట్లో కూడా ఎవరూ అడక్కుండానే అదే ఉద్యోగం చేస్తుంది. సంచిలోంచి నీలం రంగు టీ షర్టులు తీసి బల్ల మీద పరిచింది. ఇలాంటి ఓడల్లో ఇదొక ఆనవాయితీ. మూడు బల్లలకొక కుటుంబం ఒకే రంగు చొక్కాలు వేసుకుని, పాఠశాల పిల్లల్లా వరసగా నడుస్తుంటుంది. డియోన్ వీటిని ఈ రోజు కోసమే దాచింది. ముందు వైపు "మమ్మీ ఇస్మే కుటుంబం" అని ఉంది. ఇస్మే వెనక్కి తిప్పి చూసింది. వెనక వీపు నిండా పేర్లు. డియోన్, కర్క్, జనీస్, ఓడ ఎక్కని అల్లుడి పేరు, కర్క్ పిల్లలిద్దరి పేర్లు.

వెర్లిన్ పేరు లేదు.

"పెద్దక్క పేరేది?" అంది ఇస్మే.

డియోన్ నవ్వు అక్కడే ఆగిపోయింది. చొక్కా లాక్కుని, తనే అచ్చు వేయించిన పేర్లని మొదటిసారి చూస్తున్నట్టు పై నుంచి కింది దాకా చదివింది. దుకాణం వాడు ఫోన్లో పేర్లు చెప్పమన్నాడనీ, ఆసుపత్రిలో పని మధ్యలో గబగబా చెప్పేశాననీ, అక్కకి కూడా ఒక చొక్కా అచ్చు వేయించాననీ, సైజు మాత్రం అందాజుగా చెప్పాననీ సంజాయిషీ మొదలుపెట్టింది. ఓడ ఎక్కని మొగుడి పేరు గుర్తొచ్చిందిగా అని ఇస్మే అనబోయి ఊరుకుంది. అనే హక్కు తనకి లేదు. ఆ పిల్ల పేరు మొట్టమొదట వదిలేసింది డియోన్ కాదు.

నలభై ఏడేళ్ళ కిందటి మాట. వెర్లిన్‌కి అయిదేళ్ళు. తండ్రి ట్రినిడాడ్ వెళ్ళి మళ్ళీ కనబడలేదు. న్యూయార్క్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని దొరికితే, వెర్లిన్‌ని తన తల్లి టిల్లీ దగ్గర వదిలి ఇస్మే వెళ్ళింది. వెళ్ళే ముందు వీసా కాగితాలు నింపిపెట్టే పెద్దమనిషి ఒకాయన, పిల్లలున్నదాన్ని ఎవరూ ఇంట్లో పెట్టుకోరమ్మా, లేరని రాసెయ్, తర్వాత చూసుకోవచ్చు అన్నాడు. ఇస్మే రాసేసింది. ఒకసారి లేరని రాశాక తర్వాత కాగితంలో ఉన్నారని రాయడానికి వీల్లేకపోయింది. మొదటిది అబద్ధమని తేలితే మొత్తానికే పంపించేస్తారు. అలా ఒక కాగితం మీద ఇంకో కాగితం పడుతూ వచ్చింది. ఇస్మే అక్కడే పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని కంది, మొగుడు పోయాడు. ఏటేటా క్రిస్మస్‌కి ఒక పెద్ద పీపాలో బియ్యం, నూనె, సబ్బులు, గౌన్లు కుక్కి గ్రెనడాకి పంపింది. ప్రతి ఉత్తరంలో, నీ కాగితాలు నడుస్తున్నాయి తల్లీ, కొంచెం ఓపిక పట్టు అని రాసింది. పంతొమ్మిదేళ్ళు వచ్చాక వెర్లిన్ కాగితాల గురించి అడగడం మానేసింది. పిల్ల అక్కడే స్థిరపడిందిలే అని ఇస్మే ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి పీల్చుకున్నందుకే ఇన్నేళ్ళూ ఆమెకి నిద్ర పట్టడం లేదు.

ఆపరేషన్ బల్ల ఎక్కేలోగా నిజం చెప్పాలి. చెప్పి, క్షమించమని అడగాలి. అందుకోసమే ఈ ఓడ, ఈ రేవు. సాయంత్రం నాలుగున్నరకల్లా అందరూ తిరిగి ఎక్కాలనీ, అయిదుకి ఓడ కదులుతుందనీ గది తలుపు కింద కాగితం తోశారు.

ఆ చొక్కాలు ఎవరూ వేసుకోవద్దని ఇస్మే ఖరాఖండిగా చెప్పింది. డియోన్ మొహం ముడుచుకున్నా తలూపింది. కాని కర్క్ అప్పటికే ఒక చొక్కా పట్టుకెళ్ళి, కసరత్తు గదిలో చెమటోడ్చి, స్నానం చేసి, అది వేసుకుని, పైన ఒక కోటు తగిలించుకుని తిన్నగా మెట్ల దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ళొచ్చినా కర్క్‌కి ఇంట్లో ఏ మాటా ఆఖరుకి గాని చేరదు.

టాక్సీ నడిపే ఫిట్జ్ మాటకారి. రేవు గేటు దగ్గరే ఇస్మే చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బండి పడమటి తీరం వెంబడి మలుపులు తిరుగుతుంటే ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. అతను ఇస్మే మాట తీరు పట్టేసి, మీరు ఈ గడ్డ మనిషే, ఎవరి తాలూకు అని అడిగాడు. గ్వావ్ ఊళ్ళో చేపల మార్కెట్ వెనక టిల్లీ కూతుర్నని ఇస్మే చెప్పింది.

"టిల్లీ గారమ్మాయా! అయితే జాజికాయల గిడ్డంగిలో చేసే వెర్లిన్ మీకు చెల్లెలన్నమాట."

ఊళ్ళో అందరూ అనుకునేది అదే. వెర్లిన్ అమ్మా అని పిలిచింది టిల్లీనే. ఇస్మే కాదనబోయింది. తల మాత్రం అవునన్నట్టు ఊగింది. ఎందుకూపిందో ఆమెకే తెలియలేదు. వెనక సీట్లో డియోన్ చటుక్కున ఆమె వైపు చూసింది. నిజం చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషి, అడిగిన మొదటి మనిషికే అబద్ధం చెప్పింది. ఆ తర్వాత గ్వావ్ వచ్చేదాకా ఇస్మే ఫిట్జ్ వైపు తిరగలేదు.

జాజికాయల గిడ్డంగి సముద్రం ఒడ్డున రెండంతస్తుల పాత చెక్క భవనం. వీధి మలుపులోనే జాపత్రి వాసన ముక్కుకి తగులుతుంది. లోపల పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్ళు కూర్చుని జాజికాయలు ఏరుతుంటారు. ఓడ వచ్చిన రోజున వాళ్ళని చూడ్డానికి జనం వస్తారు. వచ్చినవాళ్ళకీ పనివాళ్ళకీ మధ్య ఒక తాడు కట్టి ఉంది. ఇస్మే ఆ జనం మధ్య, ఒక లావుపాటి జర్మన్ ఆయన భుజం పక్కనుంచి చూసింది.

రెండో బల్ల చివర వెర్లిన్. యాభై రెండేళ్ళు. తలకి పసుపు రంగు గుడ్డ, ముక్కు మీద కళ్ళజోడు. ఆమె వేళ్ళు కాయల మీద గబగబా నడుస్తున్నాయి. ఒకటి ఎడమ బుట్టలోకి, ఒకటి కుడి బుట్టలోకి. ఎవరో అమ్మాయి వంగి, అడక్కుండానే ఫోటో తీసుకుంది. వెర్లిన్ తలెత్తలేదు. కన్నకూతుర్ని ఊరూపేరూ తెలియనివాళ్ళతో కలిసి తాడు అవతల నిలబడి చూడాల్సి వచ్చింది కదా అనుకుంది ఇస్మే.

బుట్ట నిండాక వెర్లిన్ తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చేతులు దులుపుకుని లేచింది.

"తాడు ఇవతలికి రావచ్చు," అంది. "మీరు టికెట్ కొనక్కర్లేదు."

అది ఎగతాళో మర్యాదో ఎవరికీ అర్థం కాలేదు. కర్క్ ఒక్కడే నవ్వాడు.

వీళ్ళు వస్తున్నారని ముందే తెలుసు గనక ఆ రోజు ఆమె పన్నెండింటి దాకానే పని పెట్టుకుంది. ఇల్లు అక్కడికి నాలుగడుగులే. టిల్లీ కట్టిన ఇల్లే, గోడలకి కొత్తగా ఆకుపచ్చ రంగు. వెర్లిన్ మొగుడు పడవ మీద వేటకెళ్ళి తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్ళయి పక్క దీవి కారియాకులో ఉంది. పెరట్లో మూడు రాళ్ళ మీద పెద్ద గిన్నెలో గ్రెనడా వాళ్ళ విందు వంట ఆయిల్‌డౌన్ ఉడుకుతోంది. వెర్లిన్ తెల్లవారకముందే లేచి సీమపనస ముక్కలు, ఉప్పు మాంసం, దుంప ఆకులు, పిండి ముద్దలు వరసలు వరసలుగా పేర్చి, పసుపు వేసిన కొబ్బరిపాలు పోసి, పక్కింటావిడని కాపలా పెట్టి పనికెళ్ళింది. ఆ గిన్నెలో గరిటె పెట్టి కలపకూడదు, పాలన్నీ ఇంకేదాకా ఆగాలి. ఆ వాసనకి జనీస్ ఫోన్ పక్కన పెట్టి గిన్నె దగ్గరికి వెళ్ళిపోయింది.

వెర్లిన్ అందరినీ కూర్చోమంది. ఇస్మేకి మెత్త వేసిన కుర్చీ, మంచినీళ్ళు, కాళ్ళ కింద పెట్టుకోవడానికి ఒక పీట, అన్నీ అమర్చింది. ఆపరేషన్ ఏ తారీఖున, డాక్టరు మంచివాడేనా అని అడిగింది. మాట మాటకీ మీరు, మీకు అంటోంది. కన్నతల్లిని ఏమని పిలవాలో ఆమెకి మొదటి నుంచీ తెలియదు. అందుకని ఏమనీ పిలవదు.

నిప్పు వేడికి చెమట పట్టి కర్క్ కోటు విప్పేశాడు. విప్పి, గిన్నెలో ఏముందో చూద్దామని పొయ్యి దగ్గర వంగాడు. వీపు వెర్లిన్ వైపు ఉంది. డియోన్ చూసి లేవబోయింది గాని అప్పటికే ఆలస్యమైంది. వెర్లిన్ కళ్ళజోడు సర్దుకుని ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివింది. పైకే చదివింది. చదవడం అయ్యాక, "రంగు బాగుంది," అని పొయ్యిలోకి ఒక కట్టె తోసింది.

ఏం జరిగిందో తెలిశాక కర్క్ చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా తలమీంచి లాగేసి, ముద్దలా చుట్టి, చొక్కా లేకుండానే వచ్చి కూర్చున్నాడు. డియోన్ కంగారుగా సంచిలోంచి ఇంకో చొక్కా తీసి, అక్కా నీక్కూడా తెచ్చామని చేతిలో పెట్టింది. వెర్లిన్ దాన్ని విప్పి, వెనక్కి తిప్పింది. అన్నీ ఒకే దుకాణంలో ఒకేసారి అచ్చు వేసినవి. దాని వీపు మీదా అవే పేర్లు. ఆమె మడతలు చెరగకుండా మళ్ళీ మడిచి కుర్చీ చేతి మీద పెట్టింది.

ఆమె ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకపోయేసరికి డియోన్‌కి సిగ్గు కోపంగా మారింది.

"తప్పు నాదేలే. ఒప్పుకుంటున్నాను," అంది. "కాని అక్కా, నువ్వు మాత్రం మమ్మల్ని ఎప్పుడు నీవాళ్ళనుకున్నావు? కాగితాలన్నీ తయారుచేసి మమ్మీ రమ్మంటే, రానంది నువ్వే కదా. నీ కోసం వేసిన మంచం మా గదిలో ఎన్నేళ్ళు ఖాళీగా ఉందో తెలుసా?"

వెర్లిన్ ఆమె వైపు తిరిగింది. "నేను రానన్నానా? ఎవరు చెప్పారు?"

"మమ్మీ."

పెరట్లో అందరి కళ్ళూ కుర్చీలో ఉన్న ముసలామె మీద పడ్డాయి. ఇక్కడికి ఒక అబద్ధం, అక్కడికి ఇంకో అబద్ధం పంపుతూ, ఆ రెండూ ఏ నాటికీ ఒకచోట కలవవని ఇస్మే ధైర్యంగా ఉంది. ఓడ ఎక్కి వచ్చి వాటిని తనే కలిపింది. వెర్లిన్‌ని పక్కకి పిలిచి, చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా చెబుదామనుకుంది. ఎన్ని వాక్యాలు అల్లుకుని వచ్చిందో, ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏ కాగితాలూ తయారవలేదు," అంది. "నేను అసలు ఎప్పుడూ పెట్టనేలేదు. వెళ్ళేముందు ఫారంలో, పిల్లలు అన్నచోట, లేరని రాశాను. తర్వాత దాన్ని దిద్దితే నన్ను పంపించేస్తారని భయం. తర్వాత మీరు పుట్టారు. ఇంకా భయం. దీనికేమో కాగితాలు నడుస్తున్నాయని రాశాను. మీకేమో అది రానందని చెప్పాను. ఇంతే. ఇంకేం లేదు చెప్పడానికి."

గిన్నె కింద కట్టెలు చిటపటమన్నాయి. డియోన్ నెమ్మదిగా, ఇన్నేళ్ళూ అక్క పొగరుబోతని ఇంట్లో చెప్పుకున్నాం, నా కూతురికి కూడా అదే నేర్పాను, అంది. ఎవరితో అన్నట్టూ కాదు. తర్వాత జనీస్ చెయ్యి పట్టుకుని సముద్రం వైపు వెళ్ళిపోయింది. కాసేపు కూర్చుని కర్క్ కూడా, పక్కింటావిడ ఇచ్చిన తువ్వాలు కప్పుకుని వాళ్ళ వెనకే వెళ్ళాడు.

వెర్లిన్ పొయ్యిలో కట్టె వెనక్కి లాగి మంట తగ్గించింది. వచ్చి తల్లి కుర్చీ ఎదురుగా ఉన్న మెట్టు మీద కూర్చుంది.

"నాకు తెలుసు," అంది.

ఇస్మేకి వినబడలేదేమో అనుకుని, వెర్లిన్ మళ్ళీ అంది. పంతొమ్మిదో ఏట నుంచీ తెలుసు.

ఆ సంవత్సరం ఎవరికీ చెప్పకుండా, టిల్లీకి కూడా సగమే చెప్పి, వెర్లిన్ అమెరికా వీసా కోసం, వీసాలిచ్చే ఆఫీసున్న బార్బడోస్ వెళ్ళింది. కాగితాల కోసం ఎన్నాళ్ళు చూడాలి, చుట్టపు చూపుగానైనా వెళ్ళి వస్తానని. పీపాలో వచ్చిన గౌన్లలో మంచిది వేసుకుంది. దరఖాస్తులో తల్లి పేరు, బ్రూక్లిన్ అడ్రసు అందంగా రాసింది. కిటికీ వెనక ఉన్న ఆఫీసరు లోపలికెళ్ళి ఏదో చూసుకుని వచ్చాడు. ఈవిడకి పిల్లలు లేరని ఉంది, ఈవిడ నిజంగా మీ అమ్మేనా అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు.

"అప్పుడే అర్థమైంది నాకు," అంది వెర్లిన్. "అవునంటే మిమ్మల్ని పట్టుకుంటారు. ఇద్దరు చిన్నపిల్లలు మీకు. కాదంటే నా వీసా పోతుంది. అంతే కదా, అనుకున్నాను. ఈవిడ మా అమ్మ కాదండీ, మా అమ్మ గ్రెనడాలోనే ఉంది, పొరపాటున రాశాను అన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ కాదన్నాను."

ఇస్మే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓడ బార్బడోస్‌లో ఆగిన రోజంతా తను పై అంతస్తు కిటికీలోంచి ఆ ఊరిని చూస్తూ టీ తాగింది.

"బయటికొచ్చి రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాను. మీరు రాసింది కాగితం మీద. నేను నోటితో అన్నాను, రెండుసార్లు. ఇంక ఏ మొహంతో మిమ్మల్ని కాగితాలు అడగను? అందుకే అడగలేదు. మీరేమో నాకు అక్కర్లేదనుకున్నారు."

ముప్ఫై మూడేళ్ళు. తను చేసిన తప్పుకి తను ఏడ్చిన ఆ ముప్ఫై మూడేళ్ళూ, ఇక్కడ ఈ మెట్టు మీద తన కూతురు చెయ్యని తప్పుకి ఏడ్చింది. తల్లిని కాపాడి, కాపాడినందుకు తననే దోషి అనుకుంది. ఇస్మే కుర్చీలోంచి కిందికి జారబోయింది. వెర్లిన్ గబుక్కున రెండు చేతులా పట్టుకుంది. ఆ చేతులకి జాపత్రి వాసన. ఆ చేతుల్లో మొహం పెట్టుకుని ఇస్మే ఏడ్చింది. ముసలివాళ్ళు ఏడిస్తే చప్పుడు ఎక్కువ రాదు, ఒళ్ళంతా కదులుతుంది. నన్ను క్షమించు తల్లీ అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

"క్షమించానని ఒక్క మాట అంటే తీరిపోయేదయితే ఎప్పుడో ఉత్తరంలో రాసేదాన్ని," అంది వెర్లిన్. ఆమె కళ్ళూ కారుతున్నాయి, తుడుచుకోలేదు. "అనలేను. ఊరికే నోటితో అనడం నాకిష్టం లేదు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. మీరు వెళ్ళిన రోజు నేను ఏడ్చానా? అమ్మ ఎప్పుడూ చెప్పేది, నవ్వుతూ టాటా చెప్పి పంపావని. నాకు ఏమీ గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాదు."

ఇంకో అబద్ధం చెప్పడం ఎంత తేలిక.

"నువ్వు చూడలేదు," అంది ఇస్మే. "తెల్లవారుజామున పడవ. నువ్వు ఆ గదిలోనే నిద్రపోతున్నావు. లేపితే నేను వెళ్ళలేనని భయపడి లేపకుండా వెళ్ళిపోయాను. నువ్వు లేచాక ఏం చేశావో నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు."

వెర్లిన్ తలూపింది. అయితే మర్చిపోలేదన్నమాట, గుర్తుండటానికి ఏమీ లేదన్నమాట, అని మెల్లగా అనుకుంది. ఏదో బరువు దించుకున్నట్టు ఆమె భుజాలు కిందికి వాలాయి. తర్వాత లేచి గిన్నె మూత తీసింది. కొబ్బరిపాలు ఇంకిపోయి, అడుగున నూనె మిగిలింది. వీధి చివరిదాకా వెళ్ళి తోబుట్టువులిద్దర్నీ కేకేసింది. డియోన్ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో వచ్చి, అక్క పక్కన మెట్టు మీద ఇరుక్కుని కూర్చుంది. పళ్ళెం ఖాళీ చేసి ఇంకొంచెం పెట్టక్కా అంది. వెర్లిన్ పెట్టింది. నువ్వు ఆకలికి ఆగలేని మనిషివని చూస్తేనే తెలుస్తోంది అంది. ఆ రోజు ఆ ఇంట్లో మొదటి నవ్వు అదే, అదీ సగం ఏడుపే.

మూడున్నరకి ఫిట్జ్ వచ్చి హారన్ కొట్టాడు. వెర్లిన్ ఇంటికి తాళం వేసి, తలగుడ్డ సరిచేసుకుని, బండిలో తల్లి పక్కన కూర్చుంది. రేవుకి ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఊరు దాటాక ఇస్మే గొంతు సవరించుకుని, ఇందాక తప్పు చెప్పాను బాబూ, వెర్లిన్ నా చెల్లెలు కాదు, నా కడుపున పుట్టిన పెద్ద పిల్ల, అంది. అంత మాటకారి ఫిట్జ్ అద్దంలో వెర్లిన్‌ని ఒకసారి చూసి బండి నడిపాడు. డియోన్ దారి పొడుగునా తల్లితో మాట్లాడలేదు. ఆ కోపం ఒక పూటతో పోయేది కాదని ఇస్మేకి తెలుసు. కాని బండి దిగేటప్పుడు తల్లి కాలు తడబడితే పట్టుకున్నది డియోనే, ఓడ మెట్లు ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

గేటు దగ్గర కాపలావాడు ఓడ కార్డు ఉన్నవాళ్ళే లోపలికి రావాలన్నాడు. ఇస్మే ఆగిపోయింది. ఎండగా ఉంది, ఇంటికి వెళ్ళిపో తల్లీ, ఓడ కదలడానికి ఇంకా గంట పడుతుంది, అని వెర్లిన్‌ని బతిమాలింది.

వెర్లిన్ తల్లి జాకెట్ గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది.

"వెళ్ళు నువ్వు," అంది. "ఈసారి నేను చూస్తాను."

అయిదుకి ఓడ కూత వేసింది. పై అంతస్తులో పాటలు మొదలయ్యాయి, జనం గ్లాసులు పట్టుకుని మళ్ళీ తిండి వైపు కదిలారు. ఇస్మే ఓడ అంచున కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒక పక్క డియోన్, ఒక పక్క కర్క్, జనీస్. కింద రేవులో టాక్సీలు వెళ్ళిపోయాయి. బొమ్మలు అమ్మేవాళ్ళు బల్లలు మడిచి వెళ్ళిపోయారు. ఎండ నేరుగా కళ్ళలో పడుతున్నా పసుపు తలగుడ్డ గేటు దగ్గర నుంచి కదల్లేదు. చెయ్యి ఊపలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. ఓడ తిరిగింది, కోట వెనక్కి జరిగింది, ఆ పసుపు రంగు చిన్నదవుతూ చిన్నదవుతూ వచ్చింది. కూర్చో మమ్మీ, ఎంతసేపు నిలబడతావు, గుండెకి మంచిది కాదు అని కర్క్ కుర్చీ లాగాడు. ఇస్మే కూర్చోలేదు. ఆ పిల్ల అక్కడ కళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నంతసేపూ ఆమె ఇక్కడ నిలబడే ఉంది.